మా చేతులకు కాస్త చదువు చెప్పించండి

సంపాదకులకు నమస్కారం.

సెప్టెంబరు 8 ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవం. ఆ మరుసటి రోజు మీ జిల్లా పేజీలో ఓ ఫొటో వేశారు. కేక్ చుట్టూ డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు, శాలువాలు కప్పుకున్న ఇద్దరు పెద్దమనుషులు ఉన్నారు. కుడి అంచున పేపర్ ప్లేట్లు పట్టుకున్న ఓ చెయ్యి మోచేతి దాకా కనపడుతుంది, మనిషి కనపడదు. ఆ చెయ్యి నాది. మా అమ్మాయి గాజుల్ని బట్టి గుర్తుపట్టి ఒకటే నవ్వు. నాకూ నవ్వొచ్చింది. రెండు రోజులు పోయాక మాత్రం ఈ ఉత్తరం రాయాలనిపించింది. మా పని కూడా అచ్చం ఆ ఫొటోలాగే ఉంటుంది కాబట్టి. క్లినిక్‌లో పేషెంటు ఒంటి మీద ఎక్కువసేపు ఉండేది మా చెయ్యే. మేమెవరమో, ఏం చదివామో అడిగినవాళ్లు మాత్రం దాదాపు లేరు.

నేను అనంతపురంలో ఫిజియోథెరపీ హెల్పర్ని. 2009లో ఊడ్చి తుడిచే పనికి చేరాను. టెన్త్ పాసయ్యానని తెలిసి ఆరు నెలలకు లోపలికి రమ్మన్నారు. లోపల అంటే మంచాలు, కాపడానికి మైనం కరిగించే డబ్బా, భుజం తిప్పించడానికి గోడకు బిగించిన చక్రం, కరెంటు మిషన్లు ఉండే గది. నొప్పి తగ్గడానికి చర్మం మీద సన్నటి కరెంటు పంపే ఆ మిషన్ల పేర్లు ఐఎఫ్‌టీ, టెన్స్ అని ఏవో ఉంటాయి గానీ మా ఊళ్లో అందరూ 'కరెంటు పెట్టించుకోని వచ్చినా' అనే అంటారు. నాకిచ్చిన ట్రైనింగ్ ఒక మధ్యాహ్నం. 'ఇది ఇట్ల చుట్టు, ఇక్కడ పెట్టు, గంట మోగితే తియ్.' అంతే. సాయంత్రానికల్లా నా చేతి కింద ముగ్గురు పేషెంట్లు.

ఏం జరుగుతుందో చెప్తాను. ఇది ఇంతవరకు మా ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు.

2011 ఎండాకాలం. కళ్యాణదుర్గం వైపు నుంచి ఓ పెద్దాయన వచ్చేవాడు. చేలో గట్టు జారి చీలమండ బెణికి, నెల దాటినా నొప్పి పోలేదు. చీటీలో కాపడం, కరెంటు, ఎక్సర్‌సైజులు అని రాసి మా సార్ పక్క గదిలోకి వెళ్లారు. మా దగ్గర కాపడం పెట్టేది హాట్ ప్యాక్‌తో. అది బంకమన్ను నింపిన మందపాటి గుడ్డ సంచి. డెబ్బై డిగ్రీలు దాటిన నీళ్లలో రోజంతా నానుతుంటుంది. పట్టకారుతో తీసి, నీళ్లు కారిపోనిచ్చి, ఆరేడు మడతలు టవల్ చుట్టి పెట్టాలి. అట్లే చుట్టి పెట్టాను. రెండు నిమిషాలకు పెద్దాయన, "పాపా, ఇది చల్లారిపోయినట్లుండాది. వేడే తగల్లా. ఆ గుడ్డ తీసేయ్" అన్నాడు. ఒక మడత తీశాను. "ఇప్పుడూ అంతంతే" అన్నాడు. ఇంకోటి తీశాను. ఆయన సుఖంగా కళ్లు మూసుకున్నాడు. గంట మోగింది, ప్యాక్ తీశాను. చర్మం ఎర్రగా ఉంది. కాపడం పెడితే ఎర్రబడకుండా ఎట్లుంటుంది అనుకున్నాను.

మరుసటి రోజు ఆయన రాలేదు. మూడో రోజు కొడుకు బండి మీద తెచ్చాడు. చీలమండ పక్కన నీటి పొక్కు, రూపాయి బిళ్లకు రెండింతలుంది. అప్పటికే పగిలి కింద పచ్చిగా కనపడుతోంది. అంత పుండు పెట్టుకుని పెద్దాయన మామూలుగా నడిచి లోపలికొచ్చాడు. నొప్పి లేదు. నాకు కాళ్లు వణికింది అప్పుడే.

ఆయనకు పద్నాలుగేళ్లుగా షుగర్. షుగర్ ఏళ్ల తరబడి ఉంటే పాదాల్లో నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది, వేడి తెలియదు, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. అదీగాక అక్కడికి రక్తం సరిగ్గా పోదు కాబట్టి పుండు పడితే తొందరగా మానదు. ఇదంతా నాకు ఆ తర్వాత తెలిసింది. చీటీ పైన 'డీఎం' అని రెండు అక్షరాలున్నాయి. షుగర్‌ను అట్లా రాస్తారని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

పుండు మానడానికి రెండు నెలలకు పైనే పట్టింది. డ్రెస్సింగుల ఖర్చు నా జీతంలో పట్టుకున్నారు, దానికి నాకు బాధ లేదు. పెద్దాయన మా సార్‌తో, "పాపనేం అనొద్దు సామీ, తీయమన్నది నేనే" అన్నాడు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. వేడి తగల్లేదని ఆయన అన్నప్పుడే ప్యాక్ పక్కన పడేసి సార్‌ను పిలవాల్సింది. ఆయన తన జబ్బేంటో నోటితో చెప్తుంటే నేను టవల్ మడతలు తీస్తూ కూర్చున్నాను.

తర్వాత కొన్నేళ్లకు వేరే క్లినిక్‌కు మారాను. అక్కడ ఓ చిన్న వయసు మేడం ఉండేవారు, బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ చదివినామె. చేరిన మొదటి రోజే మందుల షాపు నుంచి రెండు గాజు గొట్టాలు తెప్పించారు. ఒకదాంట్లో గోరువెచ్చటి నీళ్లు, ఒకదాంట్లో చల్లటి నీళ్లు. పేషెంటును కళ్లు మూసుకోమని చెప్పి, ఒకటి మార్చి ఒకటి చర్మానికి తాకించి 'ఇది వేడా, చల్లనా' అని అడగాలి. సరిగ్గా చెప్పలేకపోతే అక్కడ కాపడం లేదు. ఐదు నిమిషాలకోసారి ప్యాక్ ఎత్తి కింద చర్మం చూడాలి. గంట మోగేదాకా ఆగకూడదు. గొట్టాల ఖరీదు అప్పుడు ఇరవై రూపాయలు. ఆ ఇరవై రూపాయల గొట్టాలుంటే నా పెద్దాయన కాలు కాలేది కాదన్నమాట.

ఆ మేడం దగ్గర నేను నేర్చుకున్నదంతా మధ్యాహ్నం అన్నం తినేటప్పుడే. బాక్సులో చికెన్ తెచ్చిన రోజు కోడి తొడ ఎముక చివర చూపించారు. దాని మీద తెల్లగా, నున్నగా, గోరుతో గీస్తే జారే పొర ఉంటుంది చూడండి. "అందరూ గుజ్జు అరిగిపోయింది అంటారే, అరిగేది ఇదే" అన్నారు. దాని పక్కన తెల్లటి పట్టీని పీకి చూపించి, ఎముకను ఎముకకు కట్టి ఉంచే లిగమెంట్ ఇదే అన్నారు. అప్పటిదాకా మోకాలంటే నాకు చర్మం కింద ఓ చిప్ప, అంతే. ఆ రోజు నుంచి మోకాలు పట్టుకుంటే లోపల ఏముందో కళ్లకు కట్టినట్లుంటుంది. కండరాల బలానికి సున్నా నుంచి ఐదు దాకా మార్కులుంటాయని, ఎదురు ఒత్తిడేమీ లేకుండా కాలు తన బరువు తాను పూర్తిగా ఎత్తగలిగితే మూడు అని నోటు పుస్తకంలో రాయించారు. నాడి చూడ్డం, బీపీ చూడ్డం, ఊపిరి లెక్కపెట్టడం కూడా ఆమే నేర్పించారు. వారం రోజుల పని అది. మంచాన పడి లేస్తున్న మనిషిని లేపి నిలబెట్టేటప్పుడు మూడు నిమిషాల్లోపల పైబీపీ 20 పాయింట్లు గానీ, కిందిబీపీ 10 పాయింట్లు గానీ పడిపోతే మళ్లీ పడుకోబెట్టాలి, డాక్టరుకు చెప్పాలి. ఇది తెలియక 'ధైర్యంగా నిలబడు తాతా, ఏం కాదు' అని నేనెంత మందిని బలవంతంగా నిలబెట్టానో తలుచుకుంటే ఇప్పుడు టెన్షన్ వస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువగా మా జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి చెప్పాల్సింది ఒకటుంది, పక్షవాతం వచ్చినవాళ్ల రెక్క సంగతి. పడిపోయిన చెయ్యి పట్టుకుని మనిషిని పైకి లాగుతారు. కొడుకులూ లాగుతారు, కోడళ్లూ లాగుతారు, మా హెల్పర్లూ లాగుతారు. చంకలో చెయ్యి పెట్టి ఎత్తుతారు. సాసర్‌లో నిలబెట్టిన చీనీకాయ లాంటిది భుజం కీలు. కాయ దొర్లిపోకుండా పట్టి ఉంచేది ముఖ్యంగా చుట్టూ ఉన్న కండరాలే. పక్షవాతంలో ఆ కండరాలు నిద్రపోతాయి. అప్పుడు లాగితే కాయ జారుతుంది. ఆ తర్వాత చెయ్యి ముట్టుకోనివ్వనంత నొప్పి. కాలు కోలుకుని నడుస్తున్నా, ఆ భుజం నొప్పితో ఏడ్చేవాళ్లను ఎంతమందిని చూశానో. నడుముకు బెల్టు కట్టి పట్టుకోవాలి, లేదా వీపు వెనక రెక్క ఎముకకు చెయ్యి ఆనించి లేపాలి. కూర్చున్నప్పుడు ఆ చెయ్యి కింద దిండు ఉండాలి, గాల్లో వేలాడకూడదు. ఇది చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు చెప్పేవాళ్లు ఏరీ?

చేతికర్ర సంగతి కూడా ఇట్లాంటిదే. నొప్పి కాలు పక్కనే కర్ర పట్టుకుంటారు అందరూ, సినిమాల్లో కూడా అంతే. పట్టుకోవాల్సింది రెండో చేత్తో.

ధర్మవరం నుంచి ఓ అవ్వ మోకాలి కీలు మార్పిడి అయ్యాక మా దగ్గరికి వచ్చేది. జీవితమంతా మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి. పన్నెండో రోజు అనుకుంటా, పిక్క బిగుసుకుపోయింది, కొంచెం నూనె పెట్టి రుద్దు పాపా అని కోడలు అడిగింది. అడిగిందే తడవుగా రుద్దేదాన్ని, వెనకటి నేనైతే. పిక్క పట్టి చూస్తే రెండో కాలికన్నా వెచ్చగా ఉంది. టేపు పెట్టి కొలిస్తే మూడు సెంటీమీటర్లకు పైనే లావుంది. మేడం ఆ పూట లేరు, ఫోన్ చేశాను. "చెయ్యి వెయ్యొద్దు, నడిపించొద్దు. ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి ఇప్పుడే పంపు" అన్నారు. కోడలికి కోపం వచ్చింది, రుద్దడానికి కూడా డబ్బులడుగుతారేమో అని ఓ మాట అనేసి పోయింది. స్కాన్‌లో రక్తం గడ్డ కట్టినట్లు తేలింది. రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయేదేమో, మనిషే దక్కేది కాదేమో. నెల తర్వాత అవ్వ కర్ర పట్టుకుని వచ్చి, పాత చీరల అంచులతో కుట్టిన సంచి ఒకటి ఇచ్చింది. కోడలు గడప దగ్గరే నిలబడి పోయింది.

మా జిల్లాలో ఎక్కువగా కనపడేది ఇంకోటుంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న పల్లెల నుంచి వచ్చే ముసలాళ్లను చూడండి, మెడ తిప్పమంటే మనిషంతా తిరుగుతాడు. వెన్ను వెదురుబద్దలా బిగుసుకుపోయి ఉంటుంది. 'వంగు తాతా వంగు' అని వీపు మీద నొక్కే హెల్పర్ని కళ్లారా చూశాను. ఫ్లోరైడ్ పట్టిన ఎముక చూడ్డానికి గట్టిదే గానీ పెళుసుది. అక్కడ నొక్కడం కాదు, చెయ్యి తీసేయడం తెలియాలి.

మా అక్క కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. పోయినేడాది వాడికి మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయింది. రోజూ ఎక్సర్‌సైజులు చేయించే ఆమె చొక్కా మీద బ్యాడ్జి చూపించి, నేను ఫిజికల్ థెరపిస్ట్‌ని కాదు, ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్‌ని అని మొదటి రోజే చెప్పిందట. అక్కడ ఆ పనికి రెండేళ్ల కాలేజీ ఉంది. శరీరం, నరాలు, గుండె, ఊపిరితిత్తులు, పుండ్లు, ఏ మిషన్ ఎవరికి పెట్టకూడదు, అన్నీ చెప్తారు. ఆస్పత్రుల్లో పెట్టి పని నేర్పిస్తారు. తర్వాత దేశమంతటికీ ఒకటే పరీక్ష, అది పాసై లైసెన్సు తీసుకుంటేనే పేషెంటును ముట్టుకునేది. అయినా మొదటిసారి పరీక్ష చేసి ఏం చెయ్యాలో నిర్ణయించేది థెరపిస్టే. అసిస్టెంటు దాన్ని చేయిస్తుంది, తేడా కనిపిస్తే ఆపి చెప్తుంది. "చిన్నమ్మా, నువ్వు చేసే పనే కదా" అన్నాడు వాడు ఫోన్లో. నేను చేసే పనే. అయితే నేను చదివింది కోడి కాలు మీద.

మన దేశంలోనూ 2021లో వైద్య అనుబంధ వృత్తులవాళ్ల కోసం పార్లమెంటు ఓ చట్టం చేసింది, ఫిజియోథెరపిస్టులు అందులో ఉన్నారు. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే 3,600 గంటలకు తక్కువ కాని డిగ్రీ చదువు ఉండాలంటుంది ఆ చట్టం. మంచిదే, ఉండాల్సిందే. నేను ఓ రోజు కూర్చుని నా గంటలు లెక్కేశాను. మేడం ఉన్న మూడేళ్లలో మధ్యాహ్నాల పాఠాలన్నీ కలిపినా మూడొందలు దాటవు. అవైనా నాకు దొరికాయి, నా పక్క మంచం దగ్గర పనిచేసే పిల్లకు అవీ లేవు.

ఈ మాట ఎత్తితే ఫిజియోథెరపిస్టులు కొందరు ఒప్పుకోరని నాకు తెలుసు. మా మేడం కూడా ఒకసారి అన్నారు, "మీకు నాలుగు ముక్కలు నేర్పిస్తే రేప్పొద్దున బోర్డు పెట్టి డాక్టర్లయిపోతారు, నాలుగున్నరేళ్లు చదివిన మేమేం కావాలి" అని. ఆ భయం ఉత్తిది కాదు. నేనే ఆ పని చేశాను. హోమ్ విజిట్‌కు సార్ వస్తే ఐదొందలు, నువ్వొస్తే రెండొందలే కదా పాపా అని అడిగితే ఆశపడి ఓ ఏడాది సాయంత్రాలు నాలుగిళ్లకు తిరిగాను. వాళ్ల పక్కింటివాళ్లు నన్ను 'డాక్టరమ్మ' అంటుంటే కాదని చెప్పలేదు. అయితే అది 2010లో, ఏమీ తెలియని రోజుల్లో. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు కరెంటు పెట్టకూడదని, నడుము నొప్పితో పాటు మూత్రం మీద పట్టు తప్పితే ఎక్సర్‌సైజు కాదు, అర్జెంటుగా ఆస్పత్రి అని తెలిశాక ఒంటరిగా ఎవరింటికీ పోలేదు. పోవాలంటే భయం వేసింది. బోర్డులు పెట్టేవాళ్లు ఇప్పుడూ పెడుతున్నారు, నేర్చుకుని కాదు, నేర్చుకోకుండానే. అందుకే మాకు ముందు చెప్పాల్సింది వంద ఎక్సర్‌సైజులు కాదు. ఎక్కడ ఆగాలి, ఎవరిని పిలవాలి, ఫోన్లో ఏమని చెప్పాలి అన్నది.

నేను అడిగేది పెద్ద కాలేజీ కాదు. మా ఊళ్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, పెద్దాసుపత్రి ఉంది. ఆదివారం పూట రెండు గంటలు, ఆరు నెలలు, హెల్పర్లను కూర్చోబెట్టి చెప్పండి. తెలుగులో చెప్పండి. చివర్లో పరీక్ష పెట్టండి, తప్పినవాళ్లను మళ్లీ కూర్చోబెట్టండి. సర్టిఫికెట్ మీద 'సహాయకులు' అని పెద్ద అక్షరాలతో రాయండి, మేమేం బాధపడం. క్లినిక్ నడిపేవాళ్లు కొత్తగా వచ్చిన పేషెంటును చూడకుండా మా చేతుల్లో పెట్టొద్దు. చీటీ మీద షుగర్, గుండె, రక్తం పలచబడే మందులు, ఒంట్లో రాడ్లు అనేవి తెలుగులో ఎర్ర సిరాతో రాస్తే ఇంకా మేలు. డీఎం అని కాదు.

పేషెంట్ల ఇంటివాళ్లకూ ఓ మాట. మీ ఇంటికి వచ్చిన మనిషిని మీరేం చదివారమ్మా అని అడగండి. నన్ను పదహారేళ్లలో ఒక్కరంటే ఒక్కరే అడిగారు, ఉరవకొండ రిటైర్డ్ టీచర్ ఒకాయన. అప్పుడు నాకు చిన్నతనం అనిపించి ముఖం మాడ్చుకున్నాను. ఆయన అడిగింది న్యాయమే.

పోయిన నెల మా క్లినిక్‌లో ఇంటర్ చదివిన పిల్ల చేరింది. రెండో రోజు గొట్టాలు కడుగుతూ ఒకటి పగలగొట్టింది. "ఇవెందుకక్కా, ఎవరూ వాడరు కదా" అంది. నిజమే, మిగతా ఇద్దరూ వాడరు. పని ఎక్కువున్న రోజు నేను కూడా తప్పించుకుంటాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. కొత్తది తెప్పించమని రాసి పెట్టాను, ఇంకా రాలేదు. అందాకా ఒకే గొట్టంలో నీళ్లు మార్చి మార్చి చూస్తున్నాం.

ఉత్తరం అచ్చేస్తే నా పేరు వేయొద్దు. ఉద్యోగం పోతే ఇంకో చోట మళ్లీ ఊడ్చే పని నుంచి మొదలుపెట్టాలి.

— ఒక ఫిజియోథెరపీ హెల్పర్, అనంతపురం